వంతుల్లేని ఆట

పోయినవారం మనం తాళాలక్కను ఆసుపత్రి స్టోర్సు గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఊపిరి బిగబట్టిన చోట వదిలేసి ఎవరి పనులు వాళ్ళం చూసుకున్నాం. పాపం, వారంగా అలాగే కూర్చుని ఉంది. కొత్తగా చదివేవాళ్ళకు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తే ఆమె ఊపిరి ఆమె పీల్చుకుంటుంది.

ఆ ఆసుపత్రిలో దూది చుట్ట దగ్గర్నుంచి సెలైన్ సీసా దాకా ఏది కావాలన్నా ఆమె నడుముకున్న గుత్తి గలగలమనాలి. అందుకే ఆ పేరు. భర్త లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు. పిల్లల్లేరు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు. కొంతకాలంగా ఆయన ఆఫీసు నుంచి రావడం, తినడం, పక్కగదిలో తలుపేసుకుని కంప్యూటర్‌లో కోటలు కట్టుకోవడం, ఇదే కాపురం. తలుపు వెనక నుంచి నవ్వులు వినిపిస్తాయి. తలుపు ఇవతలికి వచ్చేసరికి ఆ నవ్వును ఎక్కడ పెట్టి వస్తాడో తెలియదు. లోపల ఆయనతో ఎవరు మాట్లాడుతున్నారో, తనతో లేని మాటలు వాళ్ళతో ఏమున్నాయో తెలుసుకోవాలని ఆమె కూడా ఆ ఆటే నేర్చుకుని, 'కొత్తోడు' అనే మగపేరుతో ఆయన జట్టులోనే చేరిపోయింది. జట్టులో ఆయన పేరు 'కెప్టెన్'. మొగుడు తనకు ఇంకా దక్కుతాడా దక్కడా, ఆమెకు తేలాల్సింది అదొక్కటే.

నేర్చుకుంది అంటే అంత తేలిగ్గా కాదు. గురువు ఎక్స్‌రే తీసే ఆయన. రోజంతా ఎముకలు చూసీ చూసీ మనుషుల మీద మోజు పోయినవాడు, మధ్యాహ్నం విరామంలో ఇదే ఆట ఆడుకునేవాడు. "నాకూ నేర్పు తమ్ముడూ" అంటే ముందు పకపకా నవ్వాడు. తర్వాత తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి గ్లవ్స్ డబ్బాల మీద పెట్టాడు.

"చదరంగం వచ్చా అక్కా?"

"చిన్నప్పుడు నాన్నతో ఆడేదాన్ని."

"అయితే అది మర్చిపో. అందులో నీ వంతు వచ్చేదాకా నిన్నెవరూ ఏమీ చెయ్యరు. టీ తాగి వచ్చినా నీ గుర్రం నీ గుర్రమే. ఇందులో వంతుల్లేవు. నువ్వు ఆలోచిస్తున్నంతసేపూ అవతలివాడు కట్టుకుంటూనే ఉంటాడు, సైన్యాన్ని పెంచుకుంటూనే ఉంటాడు. నువ్వు ఊరుకున్నా ఆట ఊరుకోదు."

మొదటి ఆట కంప్యూటర్‌తోనే, అన్నిటికన్నా తేలికైన మెట్టు మీద. ఆట మొదలవగానే కాసింత నేల, ఒక గుడిసె, దాని ముందు చేతులు వేలాడేసుకుని కొందరు కూలీలు. ఆమె అందులో ఒకణ్ణి అడవికి పంపి, వాడు గొడ్డలెత్తి చెట్టు కొట్టడం ముచ్చటగా చూస్తూ కూర్చుంది. మిగతావాళ్ళు నిలబడే ఉన్నారు.

"వాళ్ళకి కూడా పని చెప్పు అక్కా!"

"చూసి చేసుకోరా?"

"చూసి చేసుకునేవాళ్ళు మన ఆసుపత్రిలోనే లేరు, ఇందులో ఎక్కడి నుంచి వస్తారు?"

ఆయన ఆ మాట అంటుండగానే శత్రువులు వచ్చి చెట్టు కొట్టేవాణ్ణి పొడిచేశారు. రెండోసారి బుద్ధి తెచ్చుకుని ముందుగా ఊరి చుట్టూ గోడ కట్టించింది. గోడ బ్రహ్మాండంగా వచ్చింది. వాకిలి పెట్టడం మర్చిపోయింది. కట్టెలు భుజాన వేసుకుని కూలీలు గోడ చుట్టూ ప్రదక్షిణాలు చేసి చేసి శత్రువు చేతిలో చచ్చారు. లోపల రాణిగారు మాత్రం క్షేమం.

ఆ తర్వాత పట్టుకున్న జబ్బు మాత్రం వదల్లేదు. స్టోర్సులో ప్రతి అలమర మీదా ఎర్ర రంగుతో ఒక గీత ఉంటుంది. సరుకు ఆ గీత కిందికి దిగిందంటే ఇక సూపరింటెండెంట్ సంతకం లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు. అన్నేళ్ళుగా ఆ గీతను కాపలా కాసిన మనిషి ఆటలోనూ ఒక గీత గీసేసుకుంది. ధాన్యం, కలప, రాయి కొండల్లా పేరుకున్నా గీత దాటి ఖర్చు పెట్టదు. ఊరు తగలబడుతుంటే గిడ్డంగి నిండుగా ఉందని చూసుకుని మురిసిపోతుంది.

"ఎందుకక్కా ఇంత దాచావు?"

"అవసరానికి ఉండాలి కదా తమ్ముడూ."

"కొంప అంటుకుంది. ఇంతకన్నా అవసరం ఇంకేం వస్తుంది నీకు?"

ఆయన తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం నవ్వేసి ఊరుకుంది. ఆ మాట తనకెంత దగ్గరగా వచ్చి తగలబోతోందో అప్పుడేం తెలుసు?

సరే, ఇక ఆదివారం మధ్యాహ్నానికి వద్దాం. ఆదివారాలు స్టోర్సులో ఆమె ఒక్కతే డ్యూటీ. ఓపీ ఉండదు, అరుపులుండవు. వార్డుల్లోంచి ఎప్పుడో ఒకరు వస్తారు. భర్త ఆ రోజంతా ఆటలోనే, ఫోను కూడా ఆపేస్తాడు. ఇవాళ ఆటలో ఇటు ముగ్గురు, అటు ఎవరో ముగ్గురు. ఇటు కెప్టెన్, కొత్తోడు, ఇంకొకడు 'పిడుగు'. పేరుకు తగ్గట్టే వాడు నోరు మూయడు. కొత్తోడి దగ్గర మైకు లేదని ముందే చెప్పుకుంది కాబట్టి ఆమెకు వినడమే పని. ఏదన్నా చెప్పాలంటే 'సరే' అని టైపు చేస్తుంది.

"కొత్తోడా, కంగారు పడకు," అంది హెడ్‌ఫోన్లలో కెప్టెన్ గొంతు. "నీ పక్కనే ఉన్నాను. మన మధ్య గోడ కట్టట్లేదు, చూశావా? జట్టులోవాళ్ళకి గోడెందుకు? ముందు నీ కూలీల్ని పొలానికి పంపు. ఆఁ, అంతే. బాగా చేస్తున్నావు."

బాగా చేస్తున్నావు! ఈ గొంతేనా మొన్న వంటింట్లో కుళాయి కారుతోందని చెబితే "చూద్దాంలే" అని గోడతో అన్నది? పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఈ చెట్టు ఇంకో రకం, దీనికి పెరటివాళ్ళే పనికిరారు. ముక్కూ మొహం తెలియని కొత్తోడంటే ఎంత ఓపిక, ఎంత మెత్తదనం! కొత్తోడి మీద తాళాలక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆ కొత్తోడు తనే అని గుర్తొచ్చి ఇంకా మండింది.

ఇంతలో తలుపు చప్పుడు. మగవార్డు ఆయా.

"అక్కా, దుప్పట్లు కావాలి. ఇద్దరు కొత్త పేషెంట్లు వచ్చారు."

ఆమె హెడ్‌ఫోన్లు పక్కన పడేసి, అలమర తీసి, దుప్పట్లు ఇచ్చింది. ఆయా ఊరికే పోతుందా? మెట్రన్ మీద రెండు చాడీలు చెప్పి, కొత్త దుప్పట్లు గరుగ్గా ఉన్నాయని మరో రెండు చెప్పి కదిలింది. పరుగున వచ్చి తెర చూస్తే ఊరు మంటల్లో ఉండాల్సింది, లేదు. ఊరి వాకిట్లో కెప్టెన్ రంగు జెండాలు పట్టుకుని సైనికులు బారుగా నిలబడి ఉన్నారు.

"ఎక్కడికెళ్ళిపోయావు? పర్లేదులే," అంటోంది ఆ గొంతు. "నీ వాకిలి దగ్గర నావాళ్ళని పెట్టాను. నువ్వు నిదానంగా ఆడుకో."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆమెకు. తనకోసం ఆయన కాపలా నిలబడి ఎన్నాళ్ళయింది? ఇంకా ఉన్నాడు ఈ మనిషి, ఎక్కడికీ పోలేదు, తలుపు అవతల ఉన్నాడంతే, రేపో మాపో తలుపు తట్టి ఏమండీ నేనే అని చెప్పేస్తే నవ్వేస్తాడు అనుకుంది. ఆ ఆశ ఎంతసేపో నిలవలేదు.

"కెప్టెన్, ఆ ట్రాన్స్‌ఫర్ సంగతి ఏం చేశావు?" అన్నాడు పిడుగు.

"ఒప్పుకున్నా."

"శభాష్! ప్రయాణం ఎప్పుడు మరి?"

"అయిపోయినట్టే అనుకో. కొత్తోడా, ఉత్తరం వైపు దుమ్ము లేస్తోంది, చూసుకో."

కొత్తోడు ఉత్తరం చూడలేదు, దక్షిణం చూడలేదు.

"ఇంట్లో ఏమన్నారు?"

"అమ్మకి చెప్పాను. 'నువ్వెక్కడికన్నా పో, నేను కోడలి దగ్గరే ఉంటా' అంది."

పిడుగు విరగబడి నవ్వాడు. "అత్తాకోడళ్ళు ఒక జట్టా! నువ్వు ఎదటి జట్టా! మరి మీ ఆవిడ?"

"తనకి చెప్పలేదు."

"అదేంటి కెప్టెన్?"



"ఏమంటుందో నాకు తెలుసు. 'మీ ఇష్టం' అంటుంది. కిందటిసారి ఇదే ట్రాన్స్‌ఫర్ వస్తే పోదామా అని అడిగాను. మీ ఇష్టం అంది. వద్దని ఏడిస్తే ఆగిపోయేవాణ్ణి. పదండి అంటే ఎగిరి గంతేసేవాణ్ణి. ఏదీ అనలేదు. తన ఉద్యోగం ఇక్కడుంది కదా, పోనీలే అని వదులుకుని, ఆ మాటే చెప్పాను. సరే అని పొయ్యి ఆపడానికి వెళ్ళింది."

"మంచావిడే కదా పాపం."

"మంచిదే. ఎవరు కాదన్నారు? మా నాన్న పోయిన రోజు ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ కుర్చీ అందిందా, మంచినీళ్ళు అందాయా అని అన్నీ తనే చూసింది. దేనికీ లోటు రానివ్వలేదు. నా పక్కన వచ్చి కూర్చోలేదు."

తాళాలక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆమె కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టలేదు. ఆయన లేవక్కర్లేకుండా, ఎవరికీ మర్యాదలు చెయ్యక్కర్లేకుండా, కడుపారా ఏడవనిద్దామనే అంత తిరిగింది. అదంతా ఆయన ఖాతాలో 'పక్కన కూర్చోలేదు' అని జమైంది. అయినా ఎవరు నేర్పారు ఈ 'మీ ఇష్టం'? తనంతట తాను పుట్టించుకుందా? ఇది కావాలి అని నోరు తెరిచి అడిగిన ఆడపిల్లను గయ్యాళి అన్న ఇంట్లో పుట్టింది. అడగని పిల్లను బంగారం అన్నారు. ఆ బంగారాన్నే ఈయన ఏరికోరి చేసుకున్నాడు. సరే, ఒకసారి మీ ఇష్టం అంది, నిజమే. రెండోసారి అడిగితే నోరు అరిగిపోతుందా? ఊరూ పేరూ తెలియని పిడుగుకు చెప్పుకోవడానికి అరగని నోరు!

పైగా అత్తగారికి తెలుసు. పొద్దున తను చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "ఇవాళొక్క రోజు డ్యూటీ మానెయ్యకూడదటే?" అంది. ఎందుకత్తయ్యా అంటే ఊరికేలే అంది. తల్లీ కొడుకూ కలిసి ఇంట్లో ఒక మనిషిని ఎంత తేలిగ్గా పక్కన పెట్టేశారు! తన బతుకు తన ఇంట్లో తెగిపోతుంటే, ఆ కబురు తను దొంగపేరుతో దూరి వినాల్సి వచ్చింది. ఏడుపు రాలేదు. ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది, అదీ ఎన్నాళ్ళనుంచో నిలవ ఉన్న కోపం.

తెర మూలన జట్టువాళ్ళ పేర్లుంటాయి. పేరు మీద నొక్కితే 'మిత్రుడు' అన్న మాట 'శత్రువు'గా మారుతుంది. దీని జోలికి మాత్రం పోకు అక్కా, అని ఎక్స్‌రే ఆయన మొదటి రోజే హెచ్చరించాడు. తాళాలక్క గిడ్డంగి వైపు చూసింది. ధాన్యం నిండుగా ఉంది, కలప నిండుగా ఉంది. గుర్రపుశాల మీద నొక్కింది. మళ్ళీ నొక్కింది. నొక్కుతూనే ఉంది. నిల్వలు గీత దాకా వచ్చాయి, గీత కిందికి దిగాయి, ఆమె చెయ్యి ఆగలేదు. చివరి గింజ దాకా ఊడ్చి గుర్రాలు చేసింది. అప్పుడు కెప్టెన్ పేరు మీద నొక్కింది.

ముందు చచ్చింది ఆమె వాకిట్లో కాపలా ఉన్నవాళ్ళే. మిత్రుల ఊరి వైపు వీపు పెట్టి నిలబడ్డారు మరి.

"కొత్తోడా, పొరపాటున ఏదో నొక్కినట్టున్నావు," అంది ఆ గొంతు, ఇంకా మెత్తగానే. "నీ గుర్రాలు నా పొలాల్లోకి వచ్చాయి. వెనక్కి పిలు."

ఆమె పిలవలేదు. మధ్య గోడ లేదు కదా, దారి సాఫీగానే ఉంది. పొలాలు తగలబడ్డాయి. పిండిమిల్లు కూలింది.

"కెప్టెన్, వాడు ద్రోహి!" అని పిడుగు గావుకేక పెట్టాడు. "నీ సైన్యాన్ని వెనక్కి తిప్పు! చివరి బురుజు కూలిందంటే ఆటలోంచి గెంటేస్తుంది, నీ గొంతు కూడా వినపడదు మాకు! కొట్టు వాణ్ణి!"

కెప్టెన్ కొట్టలేదు. ఆయన సైన్యం దూరంగా కొండ కింద ఎలా ఉన్నది అలాగే ఉంది. ఒక్క మనిషిని కూడా వెనక్కి తిప్పలేదు. అది చూసి తాళాలక్కకు పిచ్చెక్కినట్టయింది. ఇక్కడా ఎదురు రాడా ఈయన? ఇక్కడా తలుపేసుకుని కూర్చుంటాడా? మైకు బొత్తాం నొక్కేసింది.

"నేను మాట్లాడుతున్నాను," అంది.

"ఎవరిదీ గొంతు?" అన్నాడు పిడుగు. "కొత్తోడు ఆడమనిషా?"

"నువ్వుండు బాబూ. ఇది మొగుడూ పెళ్ళాల గొడవ." ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "ఏమండీ, నా ఇష్టం చెప్తున్నా వినండి. మీరు నన్ను వదిలేసి వెళ్ళడానికి వీల్లేదు. వెళ్తే నన్ను తీసుకెళ్ళండి. లేదూ, నాతో పోట్లాడి, నా మొహం మీద చెప్పి వెళ్ళండి. ఊళ్ళో వాళ్ళకి చెప్పి, మీ అమ్మకి చెప్పి, నాకు చెప్పకుండా పోవడానికి నేను మీ ఇంట్లో అద్దెకున్నదాన్నా?"

తెర మీద గుర్రాలు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అప్పుడు ఆయన గొంతు వచ్చింది.

"కొత్తోడివి నువ్వేనని నాకు మొదటి రోజే తెలుసు. కొంప అంటుకున్నా గిడ్డంగి ముట్టని మనిషి ఇంకెవరుంటారు?"

ఆమె తెర మూలనున్న 'కొత్తోడు' అన్న పేరు వైపు చూసుకుంది.

"తెలిసే ఇవాళ ఇవన్నీ చెప్పాను. ఎదురుగా చెప్పే ధైర్యం లేక."

"సిగ్గులేదా మీకు? పరాయివాడి చెవిలోంచి నాకు చెప్తారా? ఇంత మెత్తగా మాట్లాడటం వచ్చినవాళ్ళు ఇంట్లో ఆ మాటలు ఏ పెట్టెలో దాచారు?" కుర్చీ వెనక్కి పడేట్టు లేచింది. "ఆ గదిలోంచి కదలకండి. వచ్చేస్తున్నాను. ఇవాళ ఆ తలుపు తీయకపోతే పగలగొడతాను."

"రాకు," అన్నాడాయన. "నేను ఇంట్లో లేను."

"ఏంటీ?"

"పొద్దున నువ్వు అటు వెళ్ళగానే నేను ఇటు బయల్దేరాను. కంపెనీవాళ్ళు ఇచ్చిన ఇంట్లో ఉన్నాను. కంప్యూటర్ తప్ప ఇంకా సామానేమీ విప్పలేదు. నువ్వు ఇలా అరుస్తావని తెలిస్తే వెళ్ళేవాణ్ణే కాదు. వస్తావా? నిజంగా వస్తావా?"

"అడ్రసు చెప్పండి ముందు!"

"అమ్మకి ఇచ్చాను. కానీ ఆవిడ నీకు ఇవ్వదు. నిన్ను కూడా పంపేస్తే తనని ఎవరు చూస్తారని, నా చేత ఒట్టు వేయించుకుంది, నీకు చెప్పనని. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. రాసుకో. స్టేషన్ దిగాక ఎడమవైపు వస్తే..."

ఆమె పెన్ను కోసం తడుముకుంది. గుర్రాలను ఆగమని చెప్పాలన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. ఇంకో పని చెప్పేదాకా అవి అదే చేస్తూ ఉంటాయి. పెన్ను దొరికి తలెత్తేసరికి కెప్టెన్ చివరి బురుజు కూలి నేలమట్టమవుతోంది. ఆయన మాట మధ్యలోనే తెగిపోయింది.

"హలో? కెప్టెన్?" అన్నాడు పిడుగు. "హలో?"

ఆట నేర్చుకున్నాక తాళాలక్క గెలిచిన మొదటి యుద్ధం అదే.